సూవమ్మగారు వస్తున్నారు

"బిడ్డా, ఆధారం దొరికింది" అన్నాడు నర్సింలన్న ఫోనులో. బాగున్నావా అని అడగలేదు, ఎవరు మాట్లాడుతున్నదీ చెప్పలేదు. జహీరాబాద్ నుంచి డెబ్బై దాటిన మనిషి పొద్దున్నే ఫోను చేస్తే ఎవరైనా ముందు ఎవరు పోయారో అనుకుంటారు. నేను అలా అనుకోలేదు. ఆధారం అన్న మాట చెవిన పడితే చాలు, నాకు వృత్తిరీత్యా ఒక హుషారు పుడుతుంది. నలభై ఏళ్ళుగా బాబాల మీద, వాస్తు పండితుల మీద, అరచేతిలో బూడిద పుట్టించేవాళ్ళ మీద, పరీక్షలకు ముందు గ్రహశాంతి చేయించుకునే సైన్సు మేష్టార్ల మీద రాస్తున్నదాన్ని. ఏ స్వామిగారి గుట్టో బయటపడి ఉంటుందని కాగితాలు దగ్గరకు లాక్కుని, "ఎవరిదన్నా?" అన్నాను.

"నాదే. మీ నాయిన అడిగిండు సూడు, ఆ ఆధారం. సెట్లర్ల మాటది. మా శిరీష ఫోన్ల ఆ సినిమా దొరికింది. నేనింక సూడలే. నువ్వొచ్చినంకనే సూస్త."

కాగితాలు పక్కకు నెట్టేశాను. నేను రాసిన పుస్తకాలన్నీ కలిపి తిరగేసినా ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఎక్కడా దొరకదు. ఇతరుల మూఢత్వం గురించి అన్ని పేజీలు రాసిన మనిషికి ఆ ఒక్క పూట రాయడానికి చోటు దొరకలేదంటే, అది చోటు చాలక కాదని పాఠకులు ఊహించుకోగలరు.

మేము కృష్ణా జిల్లా నుంచి జహీరాబాద్‌కు లారీలో వచ్చాం. ట్రాక్టర్లకు చిన్న చిన్న విడిభాగాలు చేసే ఒక కార్ఖానాలో మా నాన్న ఫోర్‌మన్. ఆ కార్ఖానా ఇప్పుడు లేదు, దాని జాగాలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. అప్పట్లో దాని వెనక ఇరవై ఇళ్ళ కాలనీ, అందులో దాదాపు అందరూ కోస్తా నుంచి వచ్చినవాళ్ళే. కాలనీ చుట్టూ అల్లం చేలు. తవ్విన అల్లం కడిగి ఆరబోసే రోజుల్లో ఊరంతా ఒక ఘాటు కమ్ముకునేది. ఉతికి ఆరేసిన చీరలకు కూడా ఆ వాసన పట్టేది. చెరుకు లోడు లారీలు బొంబాయి రోడ్డెక్కే మలుపులో గడలు రాలిపడేవి. మా అమ్మ మాత్రం ఏ వాసననూ ఒప్పుకునేది కాదు. లారీలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న ఆవకాయ జాడీ మూత తీసి, వంటింట్లో ఒక్క క్షణం అలా నిలబడి, మళ్ళీ మూసేసేది. అది ఆవిడ చేసే ఏకైక పూజ అని నాన్న వెక్కిరించేవాడు.

నాన్న హేతువాది. అలాంటి ఇలాంటి హేతువాది కాదు, రోజుకు మూడు పూటలా హేతువాది. పొద్దున్నే పత్రిక రాగానే రాశిఫలాలు పైకి చదివి, ఒక్కొక్క రాశినీ ఖండించి, అప్పుడు గానీ కాఫీ తాగేవాడు కాదు. ఆయన కార్ఖానాకు వెళ్ళాక అమ్మ అదే పత్రిక తీసి తన రాశి చదువుకునేది. గ్రహణం రోజున కాలనీ అంతా తలుపులు మూసుకుంటే మేము వాకిట్లో చాప వేసుకుని, సరిగ్గా పట్టు సమయానికి పప్పన్నం తినాలి. చూసేవాళ్ళుంటే రెండోసారి వడ్డించుకోవాలి. ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "ఆధారం?" పక్కింటావిడకు దిష్టి తగిలిందంటే, ఆధారం? వాన వచ్చేలా ఉందంటే, ఆధారం? ఒకసారి అమ్మ చారులో ఉప్పు ఎక్కువైందని ఒప్పుకుంటే కూడా అలవాటు కొద్దీ ఆధారం అడిగాడు. ఆవిడ గరిటెడు ఆయన కంచంలోనే పోసింది.

ఆదివారాలు ఇంట్లో చర్చ. దేవుడున్నాడని ఒకరు, లేడని ఒకరు వాదించాలి. వారం వారం పక్షాలు మారాలి. నేను అలా పెరిగాను. కాలేజీలో వక్తృత్వం కప్పు గెలుచుకొచ్చిన రోజు నాన్న దాన్ని దేవుడి గూట్లో పెట్టించాడు. దేవుడు లేడు కాబట్టి ఆ గూడు ఖాళీగా ఉండేది. నా ప్రసంగం అంశం: నిజం చెప్పడానికి కావలసింది తెలివా, ధైర్యమా? ధైర్యమని వాదించి గెలిచాను.

ఇంత తర్కం ఉన్న ఆ ఇంట్లో ఒక్క నమ్మకానికి మాత్రం ఎవరూ ఆధారం అడిగేవాళ్ళు కాదు. అది ఏమిటంటే, మేము రాకముందు ఈ ప్రాంతంలో చీకటి. వీళ్ళకు వరి వండుకోవడం తెలియదు, పొదుపు తెలియదు, పొద్దున్నే లేవడం తెలియదు, తెలుగు కూడా తెలియదు. మేము వచ్చి వెలుగు తెచ్చాం. కాలనీ వరండాల్లో సాయంత్రాలు ఇదే పారాయణ. మా అమ్మ నర్సింలన్న ఇల్లాలి దగ్గర జొన్నరొట్టె తట్టడం నేర్చుకుని, నాన్నకు షుగరు ఉందని తేలాక రోజూ అదే చేసి పెట్టేది. ఆ రొట్టె నములుతూనే నాన్న వరండాలో వెలుగు గురించి మాట్లాడేవాడు.

నర్సింలన్న కార్ఖానా స్టోరులో హెల్పరు. మొగుడంపల్లి దగ్గర పల్లె. అంతకుముందు కోహీర్ వైపు తిరిగే టూరింగ్ టాకీసులో మెషిన్ ఆపరేటరుగా చేశాడు. అందుకని నాన్న కాలనీ క్లబ్బుకు పాత ప్రొజెక్టరు ఒకటి తెచ్చినప్పుడు దాన్ని తిప్పగలిగినవాడు ఆయన ఒక్కడే. నాన్న ఉద్దేశం విజ్ఞాన ప్రచారం. మశూచి, పంట తెగుళ్ళు, గ్రహాల కదలిక, ఇలాంటి చిత్రాలు హైదరాబాద్ నుంచి పెట్టెల్లో వచ్చేవి. అన్నీ ఇంగ్లీషు. నేను నర్సింలన్న పక్కన కూర్చుని అర్థం చెవిలో చెప్పాలి, ఆయన దాన్ని ఊరివాళ్ళ మాటల్లో మైకులో చెప్పాలి. జనం చిత్రం కోసం వచ్చేవాళ్ళు కాదు, ఆయన గొంతు కోసం వచ్చేవాళ్ళు. తెర మీద దోమ కనబడితే "గీ అమ్మగారిని సూడున్రి, మన కరణం లెక్క, కూసున్న కాడ కూసోనే నెత్తురు తాగుతది" అనేవాడు. కరణంగారు ముందు వరసలోనే ఉండేవాడు. ఆయనా నవ్వేవాడు. ప్రొజెక్టరు వెలుగు పక్క నుంచి పడుతుంటే, మైకు పట్టుకున్న నర్సింలన్న ముఖంలో ఉన్న దర్జా స్టోరులో నట్లు లెక్కపెట్టే నర్సింలన్నలో ఎప్పుడూ చూడలేదు.

ఒక ఆదివారం సూర్యకుటుంబం గురించిన చిత్రం రావాలి. బస్సు టాపు మీద నుంచి దింపిన పెట్టె తెరిస్తే అందులో గుర్రాలు, టోపీలు, తుపాకుల సినిమా ఉంది. పెట్టె మీద అంటించిన కాగితం సగం చిరిగిపోయింది. మిగిలిన సగంలో అమెరికా పడమటి మైదానాలకు బండ్లు కట్టుకుని కాపురాలకు వచ్చినవాళ్ళకూ, అక్కడ ముందునుంచీ ఉన్న ఒక తెగకూ జరిగిన పోరాటమని రాసి ఉంది. తెగ పేరు ఎస్‌తో మొదలై ఎక్స్‌తో ముగిసింది. నిఘంటువు మీద పెరిగిన నా ఇంగ్లీషు దాన్ని "సియోక్స్" అని చదివింది. నాన్న కాసేపు ఆలోచించి, "నాగరికత విస్తరణను గురించిన చిత్రం, ఇదీ విజ్ఞానమే, వెయ్యండి" అన్నాడు.

పెద్ద గోడౌను. పైన గాలి కిటికీలకు గోనెసంచులు కట్టి చీకటి చేశారు. అవి అల్లం సంచులు కావడంతో సినిమా అంతా ఘాటుగానే ఉంది. ఎడమవైపు కాలనీవాళ్ళు కుర్చీల మీద, కుడివైపు ఊరివాళ్ళు జంపఖానాల మీద. ఇలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ అలాగే కూర్చునేవాళ్ళు. తెర మీద గుడ్డ కప్పిన గూడుబండ్లు బారులు తీరి కదిలాయి. వాటిలో కుండలు, మంచాలు, పసిపిల్లలు. "మనం వచ్చిన లారీలాగే ఉందే" అంది అమ్మ పక్కావిడతో. "ఆ జాడీలు చూడండి, కింద గడ్డి కూడా వెయ్యలేదు, పగిలిపోవూ?"

అంతలో ఒక గుర్రపువాడు దుమ్ములోంచి దూసుకొచ్చి అరిచాడు: "ద సూ ఆర్ కమింగ్." ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు, మగవాళ్ళు తుపాకులు తీశారు. నర్సింలన్న మైకుకు చెయ్యి అడ్డం పెట్టి "ఏమంటుండు బిడ్డా?" అన్నాడు.

నేను సియోక్స్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నదాన్ని. వాళ్ళ పేరు రాలేదు, సూ వచ్చింది. సూ అంటే ఆడవాళ్ళ పేరని నాకు తెలుసు. కానీ ఒక్క ఆడమనిషి వస్తుంటే "ఈజ్" అనాలి గదా, "ఆర్" అన్నాడేమిటి? నా వ్యాకరణ జ్ఞానం క్షణంలో చిక్కు విప్పింది. గౌరవ బహువచనం. మనం అత్తగారు వస్తున్నారు అన్నట్టే. వయసులో పెద్దావిడ, అందరూ హడలిపోయే మనిషి. "సూ గారు వస్తున్నారట, పెద్దావిడ. ఆవిడంటే అందరికీ భయం" అని చెప్పాను.

నర్సింలన్న ఒక్క క్షణం ఆగాడు. పెద్దావిడ, వస్తోంది, అందరికీ భయం. ఈ మూడూ కలిస్తే ఆయనకు తెలిసిన అర్థం ఒకటే. మైకు నోటి దగ్గరకు తెచ్చి, గొంతు దించి అన్నాడు: "అగో, సూవమ్మ తల్లి బయలెల్లింది. జర తొవ్వ ఇయ్యున్రి."

కుడివైపు ఒక కదలిక. ఒక ముసలమ్మ కొంగు తల మీదికి లాక్కుని దండం పెట్టింది. గుట్ట మీద ఈకలు కట్టుకుని, ముఖాలకు రంగులు పూసుకున్నవాళ్ళు వరసగా కనబడ్డారు. "గీల్లు సూవమ్మ పోతరాజులు. ముంగట ఈల్లు, ఎనుక తల్లి." ఇక అందరూ తల్లి కోసం చూడడం మొదలుపెట్టారు. తెర మీద ఎవరో ఒకరు సూ అంటూనే ఉన్నారు, తల్లి మాత్రం రాదు. "ఏదన్నా, కనవడదేంది?" అని ఎవరో అడిగితే "అడగంగనే కనవడనీకె ఆమె ఏమన్న కండక్టరా" అన్నాడు నర్సింలన్న. కనబడని దేవత మీద భక్తి నిమిష నిమిషానికీ ఎలా పెరుగుతుందో ప్రయోగశాలలో చూసినట్టు చూశాను ఆ మధ్యాహ్నం. తరవాత దేవతల పుట్టుక గురించి పెద్ద వ్యాసమే రాశాను గానీ, ఈ ఒక్క దేవతకు మంత్రసానిని నేనేనని అందులో రాయలేదు. నాన్న కుర్చీలోంచి రెండుసార్లు వెనక్కి తిరిగి మావైపు చూశాడు.

తరవాత ఒక సైన్యాధికారి గుర్రం దిగి, ఆ తెగ పెద్ద ముందు పటం పరిచాడు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా ఒత్తి పలికాడు కాబట్టి ఈసారి నాకు పొరపాటు పడే వీలే లేదు. సెట్లర్స్ వచ్చేశారు, ఇక వెనక్కి వెళ్ళరు, ఇండియన్స్ ఈ నేల ఖాళీ చెయ్యాలి అన్నాడు. వలస వచ్చినవాళ్ళు అనొచ్చు, కాపురం వచ్చినవాళ్ళు అనొచ్చు. ఆ తొందరలో తెలుగు మాట తోచలేదు. విన్నది విన్నట్టే చెవిలో చెప్పేశాను. నర్సింలన్న చెప్పింది చెప్పినట్టే మైకులో అన్నాడు: "సెట్లర్లు వచ్చిన్రు, ఇంక పోరట. ఇండియన్లనే జాగా ఖాళీ జెయ్యమంటున్నరు."

సెట్లర్లన్నది కోస్తా నుంచి వచ్చిన మాకు ఊళ్ళో పెట్టిన పేరు, తిట్టు కింద లెక్క. అప్పట్లో ఆ మాట బొగ్గుతో రాసి మా కాలనీ గోడ మీద రెండుసార్లు కనబడింది. రెండుసార్లూ సున్నం కొట్టించారు. కుడివైపు నుంచి ఎవరో "ఇండియన్లంటె మనమే గదనే" అన్నారు. ఇంకొకరు "గీ సినిమా ఏడ తీసిన్రు, మొగుడంపల్లిల్నా?" అన్నారు. నవ్వు అలలా లేచింది, ఈలలు పడ్డాయి. ఎడమవైపు కుర్చీలు కిర్రుమన్నాయి. నాన్న లేచి, నడిచొచ్చి, గోడకున్న ప్లగ్గు పీకేశాడు. ఆ సైన్యాధికారి నోరు తెరిచి అలాగే మాయమైపోయాడు. ఆ సినిమా చివర ఏమైందో జహీరాబాద్‌లో ఎవరికీ తెలియదు.

రెండు రోజుల తరవాత మా వరండాలో క్లబ్బు కమిటీ కూర్చుంది. నలుగురు సభ్యులు, నలుగురూ కాలనీవాళ్ళే, నాన్న అధ్యక్షుడు. నర్సింలన్న మెట్ల కింద నిలబడ్డాడు. నేను గుమ్మం తెర వెనక ఉన్నాను. ఆరోపణలు రెండు: ఒకటి, విజ్ఞాన వేదిక మీద లేని దేవతను పుట్టించడం. రెండు, సినిమాలో లేని మాట పెట్టి కాలనీవాళ్ళను అవమానించడం. మొదటిది నా తప్పు. రెండోది తప్పే కాదు.

"ఆ మాట సినిమాలో ఉందా, నువ్వు కల్పించావా?" అని అడిగాడు నాన్న.

"ఉన్నది సార్."

"ఆధారం?"

"సినిమా మల్లొకపారి ఏద్దాం సార్. మీరే ఇనున్రి."

"పెట్టె నిన్ననే బస్సులో వెనక్కి పంపేశాం."

"గట్లయితె నాకేడ దొరుకుతది సార్ ఆధారం?"

ఒక సభ్యుడు ముందుకు వంగాడు. "నీకు ఇంగ్లీషు రాదు కదయ్యా. మరి ఉందని నీకెలా తెలుసు?"

నర్సింలన్న తెర వైపు చూశాడు. తెర కింద నా పాదాలు కనబడుతూ ఉండాలి. ఆ క్షణం నేను బయటికి రావచ్చు. రెండడుగులు. వస్తే నాన్న నన్ను కొట్టడు, తిట్టడు. "ఆ మాట తెలిసి తెలిసి మన జనం ముందు ఎందుకు అనిపించావ్?" అని ఒక్క ప్రశ్న అడుగుతాడు. పైగా సూవమ్మ ఎవరో తేలుతుంది, నా ఇంగ్లీషు సంగతి తేలుతుంది. గూట్లో కప్పు మెరుస్తోంది. నేను కదల్లేదు.

"గట్ల అనిపిచ్చింది సార్" అన్నాడు నర్సింలన్న.

హేతువాదుల ముందు అనిపించడం నేరమని ఆయనకు తెలియదు. నలుగురూ చేతులెత్తి, ఒక మాట సినిమాలో లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. భూమి తిరగడం లేదని తీర్మానించిన మతపెద్దల మీద నాన్న చేసే ఉపన్యాసం అప్పటికే నాకు కంఠతా వచ్చు. ప్రొజెక్టరు, మైకు మళ్ళీ ముట్టుకోకూడదని నర్సింలన్నకు చెప్పారు. ఆయన మెళ్ళోని తువ్వాలుతో ప్రొజెక్టరు అద్దం తుడిచి, మూత పెట్టి, తాళం చెవి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆ వారానికే ఊళ్ళో ఆయన పేరు గప్పాల నర్సింలు అయింది. లేనిపోని మాటలు పుట్టించేవాడని. పెట్టింది మా కాలనీ, వాడింది ఊరు. మరుసటేడు ఆయన తమ్ముడి చేను గట్టు పక్కవాడు తోసుకుంటే పంచాయితీ జరిగింది. గట్టు మొదట ఎక్కడుందో చూసినవాడు నర్సింలన్న ఒక్కడే. సాక్ష్యం చెప్పబోతే ఎవరో "గప్పాలోని మాట గూడ మాటేనా" అన్నారట. అందరూ నవ్వారట. గట్టు పోయింది. మా అమ్మకు ఈ సంగతి ఆయన ఇల్లాలు రొట్టెలు తడుతూ చెబుతుంటే, నేను పక్క గదిలో చర్చకు నోట్సు రాసుకుంటున్నాను. తరవాత చదువుకని హైదరాబాద్ వచ్చేశాను. అక్కడ పేరు తెచ్చుకున్నాను. ఏటా అల్లం తవ్వే రోజుల్లో ఎవరో ఒకరి చేతికిచ్చి ఒక సంచి పచ్చి అల్లం పంపించేవాడు నర్సింలన్న. దాన్ని టీలో దంచి వేసుకుని మూఢనమ్మకాలపై వ్యాసాలు రాసుకున్నాను.

ఇప్పుడు జహీరాబాద్‌లో బస్సు దిగగానే ముందు కనబడింది ఆ ఫంక్షన్ హాలు. గేటుకు ఇంత పెద్ద ఫ్లెక్సీ: సెట్లర్ల కార్తీక వనభోజనాలకు స్వాగతం. ఏ మాటకు సున్నం కొట్టించామో, ఏ మాట కోసం ఒక మనిషి చేతిలోంచి మైకు లాక్కున్నామో, ఆ మాట ఇప్పుడు రంగుల్లో, పూలదండల బొమ్మ మధ్య, నాయకుల నవ్వు ముఖాల కింద. ఎన్నికలు దగ్గరపడితే అభ్యర్థులు సెట్లర్లను విడిగా కలుస్తారట. ఒకప్పుడు అది తిట్టు, ఇప్పుడు బిరుదు. కింద నిర్వాహకుల పేర్లలో ఆనాటి కమిటీ సభ్యుడి కొడుకు పేరుంది. మనోభావాలకు కూడా కాలపరిమితి ఉంటుందని ముందే తెలిస్తే నర్సింలన్నను కాస్త ఓపిక పట్టమనేవాళ్ళం.

ఆయన మనవరాలు శిరీష డిప్లొమా చదివి ట్రాక్టర్ల కార్ఖానాలో ట్రైనింగులో ఉంది. ఫోను గ్లాసుకు ఆనించి మా ఇద్దరి ముందు పెట్టింది. నర్సింలన్న కళ్ళజోడు తువ్వాలుతో తుడుచుకున్నాడు, ఆనాడు అద్దం తుడిచినట్టే. గూడుబండ్లు కదిలాయి. గుర్రపువాడు వచ్చి అరిచాడు.

"అగో, సూవమ్మ" అన్నాడు నర్సింలన్న.

శిరీష నవ్వింది. "తాతా, సూ అంటె ఆ తెగ పేరు. రాసేటప్పుడు ఎక్స్ ఉంటది గని పలకరు."

నేను తల దించుకున్నాను. సియోక్స్. ఇన్నేళ్ళ తరవాత, ట్రాక్టర్లు బిగించే ఇరవై ఏళ్ళ పిల్ల ఒక్క ముక్కలో తేల్చేసింది.

"అయితె సూవమ్మ లేదా?" నర్సింలన్న పొలమారేంతగా నవ్వాడు. "నిన్ను, మీ నాయినను, ఈ వాడకట్టు పోరగాండ్లనంత పండుకోబెట్టింది గదనే ఆమె. పండుకోకుంటె సూవమ్మ వస్తదని."

తరవాత సైన్యాధికారి గుర్రం దిగి పటం పరిచాడు. నర్సింలన్న నవ్వు ఆపేశాడు. సెట్లర్స్, అన్నాడు అధికారి, ఒత్తి పలుకుతూ. "ఆపు" అన్నాడు నర్సింలన్న. "మల్ల పెట్టు." శిరీష మళ్ళీ పెట్టింది. మూడుసార్లు విన్నాడు. నాలుగోసారి ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఉన్నది" అన్నాడు. "ఇన్నొద్దులు నాకు గదొక్కటె తెల్వలే బిడ్డా. నువ్వు చెవిల చెప్పినవ్, నేను మైకుల చెప్పిన, అది ఎర్కనే. గని ఆ మాట సినిమాలనే ఉండెనా, నువ్వు చిన్నపిల్లవు, ఏదో పొరపాటుల అన్నవా, అది తెల్వలే. మొదాలు ఉన్నదనే అన్న, తర్వాత పొరపాటే అనుకున్న. నీ పేరు చెప్తె మీ నాయిన పరేషాన్ జేస్తడని ఊకున్న."

"పొరపాటు కాదన్నా" అన్నాను.

"గదే సూస్తున్న. అంటె ఉన్నదని నీకు ఎర్కనే."

"తెలుసు."

"తెర ఎనుకనే ఉంటివి గద."

"ఉన్నాను."

ఆయన వెతికి పట్టుకున్న ఆధారం ఆయన్ను విడుదల చేసి నన్ను పట్టుకుంది. దాన్ని చూపించుకోవడానికి ఆనాటి న్యాయమూర్తి, మా నాన్న, ఇప్పుడు బతికి లేడు. శిరీష ఫోను తీసుకుని, ఇంకా గంట సినిమా ఉంది, చూస్తారా అని అడిగింది. నాకు క్షమించమని అడగాలనిపించింది. నోరు తెరిచేలోపు ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

"ఇంట్ల నాకు చెప్తె ఏమొస్తది? గప్పాలోడని ఇంట్ల అన్లే, బజార్ల అన్నరు. పా."

బస్టాండు ఎదురుగా హోటల్లో ఆనాటివాళ్ళు ముగ్గురు సాసర్లలో ఛాయ్ ఊదుకుంటున్నారు. అందులో మాణిక్యం కార్ఖానాలో నర్సింలన్నతో స్టోరులో పనిచేసినవాడు. నర్సింలన్న నన్ను ముందుకు నెట్టాడు. వేల మంది ముందు మాట్లాడినదాన్ని, మూడు సాసర్ల ముందు డొంకతిరుగుడుగా మొదలుపెట్టాను.

"క్లబ్బులో ప్లగ్గు పీకేసిన సినిమా గుర్తుందా?" అన్నాను.

"ఏ సినిమా అమ్మా?"

"సూవమ్మ సినిమారా" అన్నాడు నర్సింలన్న.

"ఓ, అదా. మస్తు సినిమా. ఆఖరికి తల్లి తెల్లగుర్రం మీద రానే వచ్చె గద."

"రాలేదు" అన్నాను. "సూవమ్మ అని అసలు ఎవరూ లేరు. నేను ఇంగ్లీషు తప్పుగా..."

మాణిక్యం నా వైపు జాలిగా చూశాడు. "నేను కండ్లార సూసినమ్మా."

ఆధారం అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నర్సింలన్న నా చెయ్యి నొక్కాడు. "ఆమె జోలికి పోకు బిడ్డా. నా సంగతి చెప్పు."

చెప్పాను. సెట్లర్లన్న మాట ఆ సినిమాలో ఉంది. నర్సింలన్న పుట్టించలేదు. ఆయన చెవిలో చెప్పింది నేను. కమిటీ అడిగినప్పుడు తెర వెనకే ఉండి కూడా నోరు విప్పలేదు.

మాణిక్యం సాసరు కింద పెట్టాడు. నర్సింలన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అప్పుడే చెప్తె ఏమైతుండె అమ్మా? ఈని తమ్మునికి గట్టన్న దక్కుతుండె."

పొయ్యి మీద పాలు పొంగుతుంటే హోటలు సేట్ లోపలికి పరుగెత్తి, మంట తగ్గించి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సేట్ ఇనలే" అన్నాడు నర్సింలన్న. బెంచీ మీద కూర్చుని, ఒక కాలు మీద ఇంకో కాలు వేసుకున్నాడు. "మల్లొకపారి చెప్పు బిడ్డా. మైకుల చెప్పినట్టు చెప్పు."

నేను లేచి నిలబడి, రోడ్డు మీద లారీల చప్పుడును మించేలా గొంతు పెంచి, మొదటి నుంచి చెప్పాను.